బ్లాకులు లేవు, నొప్పి ఉంది

యాంజియోగ్రామ్ గదిలోంచి బయటికొచ్చిన డాక్టరు "బ్లాకులేం లేవమ్మా, భయపడకండి" అనగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. మెట్లెక్కితే పట్టేసే ఛాతీ మాత్రం మర్నాడూ పట్టేస్తుంది. ఇక దానికి గ్యాస్ అనో టెన్షన్ అనో పేరు పడుతుంది. గుండె నాళాలను తెర మీద చూడటం రాని రోజుల్లో ఈ చిక్కు లేదు. అప్పట్లో రోగి మాటే సాక్ష్యం.

1768లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో ఈ జబ్బును వర్ణించి 'ఆంజైనా పెక్టోరిస్' అని పేరు పెట్టిన విలియం హెబర్డెన్ చేతిలో ఈసీజీ కాదు కదా, స్టెతస్కోపు కూడా లేదు. నడుస్తుంటే, అందులోనూ ఎత్తు ఎక్కుతుంటే, తిన్న వెంటనే నడిస్తే ఛాతీ బిగుసుకుపోతుంది, ఆగితే పోతుంది. ఇదంతా ఆయన రోగులను అడిగి తెలుసుకున్నదే. తాను చూసిన దాదాపు వందమందిలో ఆడవాళ్లు ముగ్గురేనని రాశాడు. ఆ లెక్కతో తర్వాత పని పడుతుంది.

నొప్పికీ గట్టిపడిన గుండె ధమనులకీ ముడిపెట్టింది ఎడ్వర్డ్ జెన్నర్, కేలబ్ ప్యారీలు. ప్యారీ పుస్తకం 1799లో వచ్చింది. మందులు మరో డెబ్భై ఏళ్లకు గానీ రాలేదు: 1867లో బ్రంటన్ ఆమిల్ నైట్రైట్, 1879లో మర్రెల్ నైట్రోగ్లిసరిన్. మనం నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ ఆ కుటుంబానిదే.

అసలు మలుపు 1958 అక్టోబరు 30న, క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో. బృహద్ధమనిలోకి రంగు ఎక్కించబోతుంటే గొట్టం జారి కుడి గుండె ధమనిలో దూరింది. రంగంతా అందులోకే పోయింది. రోగికి ఇరవయ్యారేళ్లు. గుండె ఆగింది. డాక్టర్ మేసన్ సోన్స్ ఛాతీ కోయడానికి సిద్ధపడుతూనే 'దగ్గు, దగ్గు' అని అరిచాడు. అతను దగ్గాడు, గుండె మళ్లీ కొట్టుకుంది. అలా పొరపాటున పుట్టిన గుండె యాంజియోగ్రామ్ పరీక్ష లక్షల ప్రాణాలు కాపాడింది. దాంతోపాటే తీర్పు చెప్పే అధికారం రోగి నోటి నుంచి తెర మీది బొమ్మకి మారింది. నా దృష్టిలో ఈ చరిత్రలో లాభమూ నష్టమూ రెండూ ఆ గదిలోనే ఉన్నాయి.

బొమ్మ శుభ్రంగా ఉన్నా నొప్పి ఖాయమైనవాళ్లు త్వరలోనే బయటపడ్డారు. 1973లో మాంట్రియల్ డాక్టర్లు తమ పరిశోధనలో అలాంటివాళ్లను 'ఎక్స్' గుంపు అన్నారు. దానిపై వ్యాఖ్య రాసిన హార్వే కెంప్ 'సిండ్రోమ్ ఎక్స్' అన్నాడు. జబ్బుకి 'తెలియదు' అని పేరు పెట్టడమే అది.

పక్కనే ఇంకో దారి సాగుతోంది. మైరన్ ప్రింజ్‌మెటల్ 1959లోనే శ్రమ లేకుండా, ఊరికే ఉన్నప్పుడు వచ్చే ఆంజైనాని వర్ణించి, ధమని బిగుసుకుపోవడమే కారణమై ఉంటుందన్నాడు. ఇటలీలో అట్టిలియో మసేరి బృందం 1970లలో ఆ బిగింపును బొమ్మలోనే పట్టుకుంది. 1988లో అమెరికాలో కానన్, ఎప్‌స్టీన్‌లు చిన్న నాళాల జబ్బుకి 'మైక్రోవాస్కులర్ ఆంజైనా' అని పేరిచ్చారు.

ఇది గోదావరి రైతుకు చెప్పనక్కర్లేదు. పెద్ద కాలువ నిండుగా పారుతున్నా పంటబోదె పూడిపోతే చేను ఎండుతుంది. అర మిల్లీమీటరు కన్నా సన్నని నాళాలు యాంజియోగ్రామ్‌లో కనబడవు. గుండె కండరానికి ఎంత రక్తం వదలాలో చాలావరకు నిర్ణయించేది అవే.

వాటిని పరీక్షించే కిటుకు కుందేలు ధమనితో చేసిన ప్రయోగంలో దొరికింది. ఎసిటైల్‌కోలిన్ అనే మందుకి ధమని సడలాలంటే లోపలి పొర చెక్కుచెదరకుండా ఉండాలని రాబర్ట్ ఫర్చ్‌గాట్ 1980లో చూపించాడు. నోబెల్ 1998లో వచ్చింది. పొర పాడైన నాళం అదే మందుకి బిగుస్తుంది. అందుకే నేడు దాన్ని కొద్దికొద్దిగా గుండె ధమనిలోకి ఎక్కించి చూస్తారు. 'ఇదే, ఇంట్లో వచ్చే నొప్పి ఇదే' అని రోగి అనడం కూడా రిపోర్టులో ఒక భాగం. రోగి నోటిమాటకి మళ్లీ విలువ వచ్చింది.

ఇప్పుడు హెబర్డెన్ లెక్క. 1996లో అమెరికాలో ఆడవాళ్ల మీదే మొదలైన 'వైజ్' పరిశోధనలో, యాంజియోగ్రామ్‌కి వచ్చినవాళ్లలో సగానికి పైగా మందికి పెద్ద బ్లాకులు లేవు. అలాగని ముప్పు లేకపోలేదు. 'ముగ్గురే' అన్న మాట అంతకాలం ఎంత తప్పుదారి పట్టించిందో!

2018లో గ్లాస్గో బృందం బ్లాకులు లేకుండా నొప్పి ఉన్న 151 మందికి ఈ నాళాల పనితీరు పరీక్షలు చేసి, సగంమంది ఫలితాలే వాళ్ల డాక్టర్లకు చెప్పింది. ఫలితం చూసి మందు ఇచ్చినవాళ్లకు ఆరు నెలల్లో నొప్పి తగ్గింది, బతుకు కాస్త తేలికైంది. గుండెపోట్ల లెక్కలో తేడా తేలలేదు, అదీ చెప్పాలి. నొప్పి ఎందుకు తగ్గిందంటే, బిగింపు జబ్బుకి డిల్టియాజెమ్ లాంటి కాల్షియం నిరోధకాలు, నైట్రేట్లు కావాలి. చిన్న నాళాల జబ్బుకి తరచూ బీటా బ్లాకర్లు వాడతారు. ఆ బీటా బ్లాకరే బిగింపు ఉన్నవాళ్లకు చేటు చేయొచ్చు. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ అదుపు, సిగరెట్ మానడం ఇద్దరికీ తప్పవు.

బ్లాకులు లేవన్నాక కూడా నొప్పి వస్తుంటే యాంజియోగ్రామ్ సీడీ పారేయకండి. నొప్పి ఎప్పుడు, ఏం చేస్తుంటే, ఎంతసేపు వచ్చిందో రాసి తీసుకెళ్లి, నాళాల పనితీరు పరీక్ష నాకు అవసరమా అని గుండె డాక్టర్ని అడగండి. ఎప్పుడైనా నొప్పి తగ్గక, చెమటలు పట్టి, ఆయాసం వస్తే మాత్రం పాత రిపోర్టు చూసుకుని కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి.