గడి తీర్పు – కచేరీ తీర్పు

కేతేపల్లి వంటి నల్లగొండ సీమ పల్లెలలో దొంగతనమో, గట్టు తగవో వచ్చినచో, మన తాతల కాలపు రైతు మొదట పోయినది ఠాణాకు కాదు. పోలీసు పటేలు అరుగు వద్దకు. ఆ పిమ్మట దొరగారి గడికి. న్యాయస్థానము మూడవ మజిలీ. చాలమంది అంతదూరము పోనేలేదు.

1853లో మొదటి సాలార్‌జంగు దివాను అగునాటికి శిస్తు వసూలు పెక్కుచోట్ల గుత్తదారుల చేతిలో నుండెను. వసూలు చేయువాడే పట్టును, వాడే దండించును. 1865లో జిల్లాబందీ జరిగి జిల్లాలు, తాలూకాలు ఏర్పడినవి. జీతములు గల తాలూక్‌దారులు, తహసీల్దారులు వచ్చిరి. కొత్వాలీ అజ్లా అను పేర జిల్లా పోలీసు శాఖయు క్రమముగా రూపొందెను. అయినను రెవెన్యూ అధికారి చేతిలో శిస్తు దస్త్రముతోపాటు న్యాయాధికారము కూడ నిలిచియుండెను. శిస్తు బాకీపడిన రైతు ఆయన యెదుటనే న్యాయము కోరవలెను! 1921లో గాని ఈ ముడి విడలేదు. ఆ యేట నిజాం ప్రభుత్వము న్యాయశాఖను రెవెన్యూ నుండి వేరుచేసెను. బ్రిటిషు ఇండియాలో ఇంకను చర్చలలోనున్న సంస్కరణ ఇచ్చట ముందుగా జరిగినదనుట మెచ్చదగిన విషయమే.

అంతకు ముందేడే, 1920లో, మూసీ యొడ్డున హైకోర్టు భవనము ప్రారంభమయ్యెను. వనపర్తి సంస్థానపు రాయణిపేటలో పుట్టి, పోలీసు అమీనుగా కొలువు మొదలిడిన వెంకటరామారెడ్డిగారు ఆ యేటనే నగర కొత్వాలు అయిరి. 1934 వరకు ఆ పదవిలో నుండిరి. పాలమూరు బిడ్డ రాజధానికి కాపరి యగుట మనకు గర్వకారణము. కాని హైకోర్టు గోడల ప్రక్కగా పాఱిన మూసీ నీరు కేతేపల్లి దాపునకు వచ్చినంత సులువుగా అచ్చటి న్యాయము రాలేదు.

కారణములు వెదుక నక్కఱలేదు. కచేరీ భాష మొదట పారసీ, 1880ల నుండి ఉర్దూ. రైతుకు వచ్చినది తెలుగు. దావా, ఫిర్యాదు, జరిమానా, పంచనామా అను మాటలు మన నోట నేటికిని నిలిచినవి. నాడు వాని అర్థము చెప్పుటకు సైతము మధ్యవర్తి కావలసెను. నేరవార్త పైకి పంపవలసిన పోలీసు పటేలు పదవి వంశపారంపర్యము. అతడు తఱచుగా దొర మాట మీఱనివాడు. ఇక దొరపైననే ఫిర్యాదు చేయదలచినవాని గతి యేమి? వెట్టియు, దండుగులును గడిలోనే తేలెడివి.

1946 తరువాత సాయుధపోరాటము సాగిన నల్లగొండ గ్రామములలో గ్రామరాజ్య కమిటీలు తగవులు తీర్చినవి. అందు తొందరపాటు తీర్పులు లేవనజాలము. కాని విచారణ తెలుగున, ఊరివారి యెదుట జరిగెను. 1949లో జాగీర్లు రద్దయినవి. పోలీసు పటేలు పదవి మాత్రము 1984 వరకు నిలిచెను. అనగా, న్యాయశాఖ వేరైన అరువది మూడేండ్లకు అది తొలగెను.