ఎక్స్‌పీ కంప్యూటర్‌ను పారేయని స్టూడియోలు

పెళ్లి కుదిరితే బంగారానికి, బట్టలకి జమ్మలమడుగు, పులివెందుల వైపు జనం ప్రొద్దుటూరు బండెక్కడం పాత అలవాటే. ఆ పెళ్లిళ్ల మీదే ఈ మూడు ఊళ్లలో వీడియో మిక్సింగ్ పని కూడా బతికింది. మొదట భుజాన మోసే ప్యానాసోనిక్ ఎం3000 లాంటి వీహెచ్‌ఎస్ కెమెరాలు, రెండు వీసీఆర్‌లు, ఒక మిక్సర్. 2000 దాటాక మినీ డీవీ క్యాసెట్లు, పెంటియం 4 కంప్యూటర్లు, విండోస్ ఎక్స్‌పీ. ప్రీమియర్‌తో కొందరు, జపాన్‌ కంపెనీ కానోపస్ వాళ్ల ఎడియస్‌తో ఎక్కువమంది పని చేశారు.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న మద్దతు ఆపేసింది. స్టూడియోలు మాత్రం ఆ పెట్టెల్ని అటక ఎక్కించలేదు. అది మొండితనమని కొత్తవాళ్లు అనుకోవచ్చు గానీ, కారణాలు గట్టివే.

క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించడమే చూడండి. కెమెరాని ప్లే మోడ్‌లో పెట్టి, ఫైర్‌వైర్ కేబుల్ చిన్న కొనను కెమెరాకి, పెద్ద కొనను కంప్యూటర్‌లోని ఫైర్‌వైర్ కార్డుకి తగిలిస్తారు. గంట క్యాసెట్‌కి గంటసేపూ కూర్చోవాల్సిందే. సుమారు 13 జీబీ ఫైలు తయారవుతుంది. హెడ్ మీద కాస్త దుమ్ముంటే తలంబ్రాల మధ్యలో బొమ్మ చదరాలు చదరాలుగా విరిగిపోతుంది. అప్పుడు హెడ్ తుడిచి, వెనక్కి తిప్పి, మళ్లీ మొదలు.

ఆ కార్డు పాత పీసీఐ రకం. కొత్త బోర్డుల్లో ఆ స్లాటే ఉండదు. ఉన్నా, 32 బిట్ విండోస్‌కి రాసిన డ్రైవర్‌ని 64 బిట్ విండోస్ లోడ్ చేయదు. వర్చువల్ మెషీన్‌లో ఎక్స్‌పీ పెడితే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది గానీ, ఫైర్‌వైర్ కార్డు సాధారణంగా దానికి కనబడదు. 2013లో వచ్చిన ఎడియస్ 7 పూర్తిగా 64 బిట్‌కి మారింది. అంతకుముందు డబ్బు పోసి కొన్న 32 బిట్ ప్లగిన్లు అందులో పనికిరాలేదు. పూలు రాలే ఎఫెక్టులు, ఫ్రేములు అన్నీ ఒక్కసారిగా మూలపడ్డాయి.

తెలుగు టైటిల్స్‌ది ఇంకో గొడవ. పాత సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ తెలుగు పెడితే వత్తులూ గుణింతాలూ విడిపోయేవి. అందుకే వధూవరుల పేర్లు అను ఫాంట్లలో కొట్టేవారు. అదే ప్రాజెక్టుని ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పేర్ల చోట అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. సాఫ్ట్‌వేర్, కార్డు, ఫాంటు: ఏ ఒక్కటి తప్పినా ఆ పెళ్లి తెరుచుకోదు.

ఈ మూడు ఊళ్లున్న కడప జిల్లాలో అది చిన్న నష్టం కాదు. 26.85 టీఎంసీల గండికోట జలాశయంలో నీటిమట్టం పెంచడంతో 2020లో కొండాపురం మండలం తాళ్లప్రొద్దుటూరు ఖాళీ అయింది. అలాంటి ఊళ్లలో ఇంటి ముందు పందిరేసి చేసిన పెళ్లిళ్ల క్యాసెట్లలో వధూవరులతో పాటు ఆ వీధి, ఆ అరుగులు, గుడి కూడా ఉంటాయి. తీసినవాళ్లకి అప్పుడా ఆలోచన లేకపోయినా, ఇవాళ ఊరి చరిత్రకి అవే ఆధారం.

అందుకే ఎక్స్‌పీ పెట్టెను నెట్‌కి కలపకుండా, క్యాప్చర్‌కి మాత్రమే అట్టిపెట్టుకోవడం సరైన పని. ఎడిటింగ్ కొత్త కంప్యూటర్‌లో చేసుకోవచ్చు. కెమెరా హెడ్లు అరిగిపోతున్నాయి, విడిభాగాలు దొరకడం కష్టం. కాబట్టి ముంపు ఊళ్ల క్యాసెట్లని ముందు వరసలో పెట్టి, డీవీ ఫైలుని కుదించకుండా రెండు హార్డ్‌డిస్కుల్లో దాచి, ఒకటి ఆ ఇంటివాళ్ల చేతికే ఇవ్వాలి.