గడప నుంచి తూము దాకా: తలుపుల పేర్లు చెప్పే చరిత్ర

దుక్కులయ్యాయి, నాట్లు ఇంకా మొదలు కాలేదు. ఈ కాస్త తీరికలో ఒక పాత సంగతి మాట్లాడుకుందాం. తలుపుల గురించి. తలుపుకేం చరిత్ర ఉంటుందని తీసిపారేయకండి, చివర్లో మన నీళ్ల దగ్గరికే వస్తుంది.

ముందు మీ ఇంటినే చూడండి. కాలెత్తి దాటేది గడప. నిలువు కమ్ములతో ఉన్న చట్రం కోస్తాలో ద్వారబంధం, తెలంగాణలో దర్వాజ. నడిచివెళ్లే సందు గుమ్మం. మూసేది తలుపు. లోపల బిగించేది గడియ. బయట ముగ్గేసేది వాకిలి. "తలుపు పాడైంది" అంటే వడ్రంగి ఊరికే రాడు. తలుపా, ద్వారబంధమా, గడియా అని అడిగే వస్తాడు. దేని రిపేరు దానిదే కదా.

వాకిలి చాలా పాత మాట. తమిళంలో వాయిల్, వాసల్, కన్నడంలో బాగిలు, అన్నీ అక్కచెల్లెళ్లే. వాయ్ అంటే నోరు, ఇల్ అంటే ఇల్లు. ఇంటికి నోరన్నమాట. కన్నడం వాళ్లకు బాగిలంటే తలుపు, మనకేమో వాకిలంటే ఇంటి ముందు చోటు కూడా. గడపకు ఇంకా పెద్ద గౌరవం. పసుపు రాస్తాం, దానిమీద కూర్చోనివ్వం. ఊరి లెక్క కూడా దాంతోనే, "మా ఊరు మూడొందల గడప" అంటాం. గడపనే కడప అని కూడా అంటారు. తిరుమలకు గడప కాబట్టే కడప ఊరికి ఆ పేరొచ్చిందని అక్కడి వాళ్లు చెప్పుకుంటారు, దేవుని కడప గుడి అక్కడే ఉంది.

వెనకవైపు దొడ్డి తలుపు. గొడ్లు, పేడ తట్టలు, పనివాళ్లు అటునుంచే. "దొడ్డిదారిన వచ్చాడు" అనే మాట పుట్టింది అక్కడే. పాకకు తడిక. చేను దారికి ఒక కంప అడ్డం పెడితే అదే తలుపు. పెద్ద తలుపులోనే ఒక మనిషి వంగి దూరేంత చిన్న తలుపు ఉంటే దాన్ని దిడ్డి అంటారు. ఈ దిడ్డిని గుర్తుపెట్టుకోండి.

కోట ఉన్న ఊళ్లలో ఊరికే తలుపు ఉండేది, దాని పేరు గవని. తురకల పాలన వచ్చాక దర్వాజా అనే పారసీ మాట వచ్చింది. కోటగోడలో చిన్న దారిని ఖిడికీ అనేవారు. మనం ఇంట్లో కిటికీ అనేదీ ఆ మాటే. 1687లో ఔరంగజేబు సైన్యం గోల్కొండను ఎనిమిది నెలలు చుట్టుముట్టింది. ఫిరంగులు పేల్చారు, మందుపాతరలు పెట్టారు, కోట లొంగలేదు. చివరికి లోపలున్న అబ్దుల్లాఖాన్ పన్నీ అనే సర్దారు లంచానికి లొంగి రాత్రిపూట ఒక ఖిడికీ తీశాడు. అంతే, కుతుబ్‌షాహీ రాజ్యం పోయింది. ఇప్పుడు మనం చూసే ఫతే దర్వాజాకు ఆ గెలుపు పేరే పెట్టారు. పేరు పెద్ద దర్వాజాకు దక్కింది, పని మాత్రం చిన్న తలుపు చేసింది.

ఇక నీళ్లకొద్దాం. చెరువుకు తలుపు తూము. కట్ట కింద రాతి కాలువ, దానికి రంధ్రం, రంధ్రానికి కర్రతో ఎత్తే బిరడా. దాన్ని తీసి మూసే హక్కు ఊరందరిదీ కాదు, నీరటికాడిది. నిండు చెరువులో మునిగి తూము తీసిన మనుషులు వాళ్లు. 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనంలో వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేసినట్టు ఉంది. అంత కట్టా నిలిచేది ఆ చిన్న తూము మీద కాపలా ఉంటేనే.

కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852కల్లా పూర్తయింది. దాని కాలువలతో పాటు కొత్త మాటలొచ్చాయి. పడవలు ఎగువకు దిగువకు దాటే తలుపులను ఇంగ్లీషులో లాక్ అంటే మనవాళ్లు లాకు చేసుకున్నారు. ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులు ఇప్పటికీ ఉన్నాయి. తర్వాత షట్టరు వచ్చింది, గేటు వచ్చింది, వాటిని తిప్పే లస్కరు వచ్చాడు. ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు, సాగర్‌కు 26, ఇవి మనకు నోటిలెక్కే.

ఇప్పుడు అసలు మాట. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయింది. డ్యాం నిండుగా ఉంది. అనంతపురం, కర్నూలు, గద్వాల రైతుల నీళ్లు కళ్లముందే నదిలోకి పోయాయి. వారానికి స్టాప్‌లాగులు, అంటే గాడిలో ఒకదానిమీద ఒకటి దించే పలకలు, వేసి ఆపారు. మనమంతా "గేటు పోయింది" అన్నాం. కానీ ముందు తెగింది గేటు కాదు, దాన్ని పట్టుకున్న చైను. ఇంటి భాషలో చెప్పాలంటే తలుపు బాగానే ఉంది, బందు ఊడింది.

మన పెద్దలు తలుపుకు ఇన్ని పేర్లు పెట్టింది ముచ్చటకు కాదు. పేరున్న ప్రతి ముక్కకూ ఒక కాపలా ఉండేది. ఇప్పుడు అన్నీ "గేటు" అయిపోయాయి. అర్జీలో "గేటు పనిచేయడం లేదు" అని రాస్తాం, వాళ్లు వచ్చి రంగేసి వెళ్తారు.

అందుకే ఈసారి కాలువకు నీళ్లొదిలే ముందే మీ ఊరి తూము, షట్టరు దగ్గరికి నలుగురు కలిసి వెళ్లండి. పలక తుప్పు పట్టిందా, గాడిలో మట్టి చేరిందా, చైను సన్నబడిందా, తిప్పే మర బిగుసుకుందా, చక్రం ఎవరైనా పట్టుకుపోయారా చూడండి. ఏ ముక్క పోయిందో ఆ ముక్క పేరుతోనే రాయండి, ఫొటో జత చేయండి. నీరటికాడో లస్కరో ఉంటే వెంట తీసుకెళ్లండి, మనకంటే ఆయనకే ఎక్కువ తెలుసు.

మీ వైపు తలుపుకు, తూముకు ఇంకే పేర్లున్నాయో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి కింద రాయండి. అందరం నేర్చుకుందాం.