హై ఎండ్ గ్రాఫిక్స్ కార్డులు: ధరలు, మార్కెట్ వాటా

కంప్యూటర్ గేమ్‌లు, వీడియో ఎడిటింగ్, త్రీడీ యానిమేషన్, కృత్రిమ మేధ పనుల కోసం మామూలు కొనుగోలుదారులకు అమ్మే గ్రాఫిక్స్ కార్డుల్లో అత్యంత శక్తిమంతమైన శ్రేణినే హై ఎండ్ అంటారు. ప్రధాన పోటీ ఎన్విడియాకు, 2006లో ఏటీఐని కొని ఈ రంగంలోకి వచ్చిన ఏఎమ్‌డీకి మధ్యనే సాగింది.

ధరలు: 2017లో ఎన్విడియా జీటీఎక్స్ 1080 టీఐ 699 డాలర్లకు విడుదలైంది. అదే కంపెనీ ఆర్‌టీఎక్స్ 4090 (2022) విడుదల ధర 1,599 డాలర్లు, ఆర్‌టీఎక్స్ 5090 (2025) విడుదల ధర 1,999 డాలర్లు. 2020-22 మధ్య చిప్‌ల కొరతకు ఈథీరియం అనే క్రిప్టోకరెన్సీ మైనింగ్ తోడై, దుకాణాల్లో రేట్లు కంపెనీ ప్రకటించిన ధరలను బాగా దాటిపోయాయి. 2022 సెప్టెంబరులో ఈథీరియం మైనింగ్‌కు స్వస్తి చెప్పడంతో ఆ గిరాకీ పడిపోయింది. ఆ తర్వాత కృత్రిమ మేధ కోసం కొనేవారు పెరిగారు. భారతదేశంలో 18 శాతం జీఎస్టీ అదనపు భారం.

తయారీ ఖర్చు: 4090లోని చిప్ వైశాల్యం సుమారు 608 చదరపు మిల్లీమీటర్లు, అందులో 7,630 కోట్ల ట్రాన్సిస్టర్లున్నాయి. చిప్ పెద్దదయ్యేకొద్దీ ఒక్కో సిలికాన్ వేఫర్‌కు దక్కే చిప్‌లు తగ్గుతాయి, లోపాలు దొర్లే అవకాశం పెరుగుతుంది. అందుకే 4090 చిప్‌లోని 144 కోర్ సముదాయాల్లో 128 మాత్రమే పనిచేసేలా ఉంచి అమ్మారు.

మార్కెట్ వాటా: జాన్ పెడ్డీ రీసెర్చ్ లెక్క ప్రకారం 2025 తొలి త్రైమాసికంలో అన్ని శ్రేణుల విడి కార్డుల సరఫరాలో ఎన్విడియా వాటా 92 శాతం, ఏఎమ్‌డీది 8 శాతం. ఏఎమ్‌డీ 2022లో 999 డాలర్ల ఆర్‌ఎక్స్ 7900 ఎక్స్‌టీఎక్స్‌తో పైశ్రేణిలో పోటీపడినా, 2025లో 599 డాలర్ల ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీకే పరిమితమైంది. దీంతో 5090కి సాటివచ్చే కార్డు లేకుండా పోయింది. పోటీ కరువైన చోట నష్టపోయేది కొనుగోలుదారే.