నాడి పట్టిన వేలి నుంచి మణికట్టు గడియారం దాకా

గత ఏడాది రెజిమెంటల్ బజారులోని మా ఇంట్లో మా ఆవిడ ఛాతీకి తీగలు అంటించుకుని, నడుముకు చిన్న పెట్టె కట్టుకుని ఒక రోజంతా తిరిగింది. దానిని హోల్టర్ పరీక్ష అంటారు. పెన్షనర్లం మనం ఏడాదికొకసారి నవంబరులో బ్రతికే ఉన్నామని సర్టిఫికెట్ ఇస్తాం. ఆ పెట్టె గుండె కొట్టుకున్న ప్రతిసారీ రాసుకుంటుంది. రోగిలో దేనిని కనిపెట్టి చూడాలన్న తగవును ఒకప్పుడు మన హైదరాబాదులోనే తేల్చబూనారని ఎందరికి తెలుసు?

ఆ రోజుల్లో క్లోరోఫాం మత్తులో కొందరు హఠాత్తుగా చనిపోయేవారు. నాడిని చూడాలా, శ్వాసను చూడాలా అని వైద్యుల్లో వాదం. ఇక్కడి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ శ్వాసను చూస్తే చాలన్నారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో 1888లో ఒకటి, 1889లో మరొకటి, రెండు క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నాయి. రెండవదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చారు. వందలాది జంతువులపై ప్రయోగాలు చేసి లారీ మాటే ఖాయం చేశారు. ఆ తీర్పు నిలవలేదు. క్లోరోఫాం తక్కువగా ఇచ్చినప్పుడు కూడా గుండె లయ తప్పి ఆగిపోవచ్చునని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై చూపించారు. లారీ మాత్రం పట్టు వదలని మనిషి. ఫైలుపై ఒకసారి రాసిన నోటు మార్చని అధికారులను మనమూ చూశాం కదా!

1940ల చివర అమెరికాలో నార్మన్ హోల్టర్ చేసిన తొలి యంత్రం సుమారు 38 కిలోలు, వీపున మోయాలి. ట్రాన్సిస్టర్లు వచ్చాక అది చిక్కి నడుముకు దిగింది. వేలికి తగిలించే ఆక్సీమీటరుకు మూలసూత్రాన్ని 1974లో జపానులో తకువో అయోయాగి వెల్లడించారు.

ఆ వేలి యంత్రం విలువ మాకు 2021 మే నెలలో తెలిసింది. కోవిడ్ సోకిన మా ఆవిడ మంచం మీద కూర్చుని తాపీగా మాట్లాడుతోంది, ఆయాసం లేదు. శ్వాస చూస్తే చాలనుకుంటే ఇంట్లోనే ఉండిపోయేవాళ్ళం. యంత్రం 86 చూపించింది. చేయి చల్లబడినా, గోళ్ళకు రంగున్నా అంకె తప్పుతుందని విన్నాను గనుక చేయి రుద్ది, మరో వేలికి పెట్టాను. మళ్ళీ 86. ఫోనులో డాక్టరుకు చెబితే వెంటనే తీసుకురమ్మన్నారు. పదకొండు రోజుల తరువాత ఇంటికి తెచ్చుకున్నాను.

ఇప్పుడు మా అబ్బాయి ఆమె చేతికి గడియారం కట్టాడు. ఆమె గుండె వేగం పుణేలో అతని ఫోనులో కనబడుతుంది. మొన్న సాయంత్రం కంగారుగా ఫోను చేశాడు, 118 ఉందట. ఆమె మేడమీద ఆరవేసిన బట్టలు తీసుకుని, వాన పడుతోందని గబగబా మెట్లు దిగుతోంది.