లెవీ గల్లా నుంచి లెవీ బియ్యం దాకా

సూర్యాపేట పల్లెల్లో ఎనభై ఏళ్ల కిందటే ఇంటింటికీ తెలిసిన ఇంగ్లిషు మాట ‘లెవీ’. ఎవరూ దాన్ని బడిలో నేర్వలేదు. గింజలు కొలుచుకుపోవడానికి గిర్దావరు, పట్వారీ, పోలీసు పటేలు గడప ముందుకొచ్చిన రోజున నేర్చుకున్నారు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో తిండిగింజలకు కటకట వచ్చింది. రైతు ఇంత ధాన్యం ఇచ్చి తీరాలని నిజాం సర్కారు లెక్క కట్టింది. ధరా సర్కారుదే, బజారు కంటే తక్కువ. జనం దాన్ని ‘లెవీ గల్లా’ అన్నారు. గల్లా అంటే ఉర్దూలో ధాన్యం.

దేశ్‌ముఖుల గరిసెలను తప్పించుకుపోయిన ఆ లెక్క, బక్క రైతు పాతర దగ్గర మాత్రం పక్కాగా అమలయ్యేది. పాతరంటే నేలలో తవ్విన గొయ్యి. లోపల గడ్డి పరిచి, గింజలు పోసి, పైన మట్టితో మూసేవారు. అది ఖాళీ అయితే మళ్లీ దొర దగ్గరికే ‘నాగు’కు పోవాలి. నాగంటే గింజల అప్పు, వడ్డీ కూడా గింజల్లోనే.

అందుకే వెట్టి, బేదఖళ్ల (భూమి నుంచి వెళ్లగొట్టడం)తో పాటు లెవీ మీదా ఆంధ్ర మహాసభ గొంతెత్తింది. 1946 జులై 4న కడవెండిలో మహాసభ కార్యకర్త దొడ్డి కొమరయ్య అమరుడయ్యాక పోరు ఊరూరికీ పాకింది. సూర్యాపేట ప్రాంతపు కరివిరాల కొత్తగూడెంలో భూస్వామ్య కుటుంబంలో పుట్టిన అన్నాచెల్లెళ్లు భీమ్‌రెడ్డి నర్సింహారెడ్డి, మల్లు స్వరాజ్యం పేదల పక్షాన నిలిచారు.

ఇంతకీ లెవీ అనే మాట మూలం లాటిన్‌లో ఉంది. పైకెత్తడం, బరువు తగ్గించడం అని అక్కడి అర్థం. ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషుకొచ్చేసరికి పన్ను వసూలు, సైన్య సమీకరణ అయింది. ఎలివేటర్, లీవర్, చివరికి రిలీఫ్ కూడా ఆ కుదురువే. ఇక్కడి రైతుకు లెవీ దొరికింది, రిలీఫ్ దొరకలేదు.

ఈ మాటకు రెండో జన్మ నాగార్జునసాగర్ నీళ్లతో వచ్చింది. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద ఆముదం, జొన్న చేలు వరి మడులయ్యాయి. మిర్యాలగూడ, కోదాడల్లో మిల్లులు లేచాయి. ఈసారి లెవీ మిల్లరు మీద పడింది. ఆడించిన బియ్యంలో నిర్ణీత వాటాను సర్కారు ధరకు భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ)కి ఇవ్వాలి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇవ్వడానికి ఈ సేకరణే ఆధారం.

2014 అక్టోబరులో లెవీని 25 శాతానికి కుదించారు, 2015 అక్టోబరులో ఎత్తేశారు. ఇప్పుడు మిల్లుల్లో వినపడేది ‘సీఎంఆర్’, అంటే కస్టమ్ మిల్డ్ రైస్. సర్కారు కొన్న వడ్లు క్వింటాలు ఆడిస్తే పచ్చి బియ్యం 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పగించాలి.

పేదోడి పాతర ఖాళీ చేసిన లెవీ దోపిడీ. పేదోడి కంచం నింపిన లెవీ ధర్మం. మొదటిదాన్ని కళ్లారా చూసినవారు ఇప్పుడు తొంభై దాటిన ముసలివాళ్లు, ఊరికి ఒకరో ఇద్దరో. మీ ఇంట్లో అలాంటి తాతమ్మ ఉంటే ఈ ఆదివారమే పక్కన కూర్చోండి. లెవీ గల్లా, నాగు, పాతర గురించి అడిగి, ఆమె మాటల్లోనే రాసిపెట్టండి.