చెమట పేరు సారా

మా నాయిన తాగింది సారా. మా పటేలు తాగింది విస్కీ. మా నాయినకు తాగుబోతని పేరు బడ్డది. పటేలుకు మాత్రం ‘జరంత అలవాటున్నది’ అన్నరు. ఈ రెండు మాటల నడుమ ఏమున్నదో నేను డిగ్రీ చదివి హాలియా దిక్కు బడిపంతులునైనంక గాని సమజు గాలేదు.

కల్లు కాచేది గాదు. తాటినీరు, ఈతనీరు దానంతటదే పులిసి కల్లయితది. పులిసినదాన్ని కాచి, ఆవిరిని చల్లార్చి పడితే సారా. ఇప్పపువ్వుతోటి కాచినా, దొంగచాటుగ బెల్లంతోటి గుడుంబా కాచినా పద్ధతొక్కటే. లోకమంతటా ఇదే పద్ధతి. ద్రాక్షసారాయం కాస్తే బ్రాందీ, గింజలు పులియబెట్టి కాస్తే విస్కీ, చెరుకుమడ్డితోటి రమ్ము.

మరి మన దుకాణంల సీసా సంగతేంది? ‘ఇండియాల చేసిన ఫారిన్ లిక్కర్’ అంటరు. ఇక్కడ చేసింది ఫారిన్ ఎట్లయితది? చానా సీసాలల్ల ఉండేది మడ్డి నుంచి తీసిన స్పిరిటే. నీళ్లు గలిపి 42.8 శాతానికి దించి, రంగూ వాసనా పడేస్తరు. అట్లాంటిదాన్ని విస్కీ అని అమ్మనియ్యదు యూరోపు చట్టం. సర్కారు సారా గూడ మడ్డి స్పిరిటే. రంగొక్కటే లేదు.

1980లల్ల సర్కారే ఆ సారాను పాకెట్లల్ల పోసి ఊరూరికి పంపింది. దానికి ‘వారుణి వాహిని’ అని సంస్కృతం పేరు. నాట్లప్పుడు కూలిల కోసి పాకెట్టు చేతిల వెట్టేటోళ్లని మా అమ్మ చెప్తది. 1992ల నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్లు కొంగు బిగించిండ్రు. 1993 అక్టోబరు 1న సారా బందయింది. 1995 జనవరిల మద్యమంతా బంద్. 1997ల ఆ నిషేధం ఎత్తేసిండ్రు. తిరిగొచ్చింది పటేలు సీసా, సారా గాదు. మా నాయిన చేతికి 180 మిల్లీలీటర్ల క్వార్టరొచ్చింది. కూలి మాత్రం పెరగలే.

తాగుడును నేను వెనకేసుకొస్తలేను. మా అమ్మ చెవుల కమ్మలు దుకాణంలనే పొయినయి. మా నాయిన నలభై ఎనిమిదేండ్లకే కార్జం చెడి సచ్చిపొయిండు. నేనడిగేది పేర్ల సంగతి.

విస్కీ అనేది స్కాట్లండు, ఐర్లండు గేలిక్ మాట. ‘ప్రాణజలం’ అని దానర్థం. సారాను ఇంగ్లీషోడు అరక్ అన్నడు. అది అరబ్బీ మాట. కాచేటప్పుడు చుక్కచుక్క దిగుతది గనుక, ‘చెమట’ అని దానర్థం. పటేలు తాగింది ప్రాణజలమైతే, ఎడమకాల్వ కింద మడికట్లల్ల పొద్దుగూకెదాక తడిసిన మా నాయిన తాగింది చెమట.

నా తరగతిల ఎవలన్న ఒక పిల్లగాని తండ్రిని తాగుబోతంటే, ముందుగాల్ల ఇవి అడుగుత: ఏం తాగిండు? ఎవలు పోసిండ్రు? ఆ పైసలెవలికి ముట్టినయి?